అంటుకోని మూల

నేను ఒక గడ్డి ముక్కను. మేకలు మేసే గడ్డిని కాదు. కడియం నర్సరీలో పెంచి, అడుగు మట్టితో సహా చాపలా కోసి అమ్మే కార్పెట్ గడ్డిని. నాది మొదటి నుంచీ అనుమానపు బుద్ధి. రోజూ నీళ్లు పెట్టి, కలుపు తీసి, బిడ్డలా సాకినవాళ్లే ఒక పొద్దున వచ్చి వేళ్లకు అడ్డంగా పార దింపితే, ఇంకెవరిని నమ్మమంటారు?

వ్యానులో ఒకదాని మీద ఒకటి పడి కాకినాడ చేరాం. పుల్లంరాజుగారు ఇంటి ముందు సిమెంటు గచ్చంతా తవ్వించి మమ్మల్ని పరిపించారు. ఆయన రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. టికెట్ చేతికిచ్చినవాడిని కూడా ఎగాదిగా చూసి గానీ వదిలేవారు కాదట. ఆయన భార్య సుభద్రమ్మగారు ఆ గచ్చు మీదే జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేశారు, ఎముక అతికింది. కానీ కాలు కింద పెట్టాలంటే ఆవిడకు వణుకు. ఇప్పుడు నడవకపోతే కుర్చీకే అలవాటు పడిపోతారనీ, మెత్తటి గడ్డి మీద నడిపించమనీ డాక్టరు చెప్పాడు. మేము వచ్చింది అందుకు.

మమ్మల్ని నర్సరీ నుంచి తెచ్చిన తోటపని దొరబాబు మా మధ్య సందుల్లో ఇసుక, జల్లించిన పశువుల ఎరువు కలిపి కూరాడు. పైన రోలర్ దొర్లించాడు.

"రెండు పూటలా తడపాలండి. ఎవర్నీ తొక్కనియ్యకండి. గడ్డి ఏళ్లు నేలని పట్టినియ్యో లేదో మూల ఎత్తి చూత్తే తెలిసిపోద్దండి," అన్నాడు.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

నా అనుమానం పక్క ముక్క మీద. పైపు నీళ్లు ముందు దానికే అందేవి. సందులో పోసిన ఎరువు కూడా అదే లాగేసుకుంటోందని నా గట్టి నమ్మకం. అది వేరు ఇటు చాపితే నేను నాది ముడుచుకునేదాన్ని. రాజుగారి అనుమానం దొరబాబు మీద, వాడిపోయిన సరుకు అంటగట్టాడని. దొరబాబు అనుమానం వేరుపురుగు మీద. మిగతా ముక్కలన్నీ నేలను పట్టుకున్నా, నా మూల ఒక్కటే ఎండి పైకి లేచి ఉంది మరి. ఆ మూల సరిగ్గా వరండా మెట్టు కింద. సుభద్రమ్మగారి మొదటి అడుగు పడాల్సింది అక్కడే. బొటనవేలు తగిలిందంటే మళ్లీ పడటమే.

"ఇంకొన్నాళ్లు ఆగుదాం," అని రాజుగారు అన్నప్పుడల్లా కుర్చీలో ఆవిడ మొహం చిన్నబోయేది. నాకు జాలేసేది.

నిజం నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. తెల్లారగానే రాజుగారు వచ్చి గొంతుక్కూర్చుని, నా మూల పట్టుకుని ఎత్తి, కిందకి తొంగిచూసేవారు. నేను కష్టపడి దించుకున్న తెల్లటి వేళ్లు పుటుక్కున తెగేవి. "ఇవాళా పట్టలేదు," అని గొణిగి, కప్పేసి వెళ్లేవారు.

ఒకరోజు సుభద్రమ్మగారు వరండాలో కాఫీ తాగుతూ ఇదంతా చూశారు.

"ఏవండీ, రోజూ దాన్నే ఎత్తుతున్నారా?"

"ఎత్తకపోతే పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"మీరు ఎత్తబట్టే పట్టట్లేదేమోనండి. పెసరట్టు వేసి, ఊరికూరికే అట్లకాడతో లేపి చూస్తుంటే కాలుతుందా?"

ఆయన నమ్మినట్టు లేరు. అయినా ఆవిడ మాట తీసెయ్యలేక, మర్నాటి నుంచి చేతులు వెనక్కి కట్టుకుని చూసి వెళ్లేవారు. ఇందులో ఏం మతలబు ఉందోనని నేను కొన్నాళ్లు కాచుకుని ఉన్నాను. ఎవరూ ఎత్తలేదు. వేళ్లు దిగాయి. దొరబాబు సందుల్లో మళ్లీ మట్టి నింపి, మమ్మల్ని పైపైన కత్తిరించాడు. పక్క ముక్క వేళ్లు నాలోకి ఎప్పుడొచ్చాయో, నావి దానిలోకి ఎప్పుడు పోయాయో గమనించనే లేదు.

ఒక ఉదయం ఆవిడ మెట్టు దిగారు. రాజుగారు రెక్క పట్టుకుని దాదాపు మోస్తున్నారు. పాదం నన్ను తాకింది గానీ బరువు దిగలేదు.

"మీరిలా పట్టుకుంటే కాలు ఆనట్లేదండి. వదలండి."

"పడిపోతే?"

"పడితే గడ్డే కదండీ."

ఆయన వదిలారు. చేతులు మాత్రం గాలిలో అలాగే ఉంచారు. ఆవిడ బరువంతా నా మూల మీద దిగింది. మూల కదల్లేదు. ఆవిడ నిలబడ్డారు, ఊపిరి తీసుకున్నారు, రెండో అడుగు వేశారు. అది నా మీద పడిందో, పక్కదాని మీద పడిందో, ఎంత వెతుక్కున్నా నాకు తెలియలేదు.