మాట అందించే మనిషి

మూడో రోజు మధ్యాహ్నం, బడి మేడమీద గదిలో ఉడికించిన బంగాళాదుంపల పొట్టు తీస్తుంటే ఆమె పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి.

"దుంపలకి మంత్రం వేస్తున్నావా ఏంటే?" అంది అత్తగారు.

మంత్రం కాదు, నాటకంలో మాటలు. భర్త నాటక సమాజంలో రాజు వేషగాడు. ఇరవై రెండేళ్ళుగా ఆమె తెర వెనక పీట వేసుకుని, అతను మరిచిపోయిన మాటల్ని గుసగుసగా అందించేది. చదువు రాదు. రిహార్సల్స్ జరుగుతుంటే అందరికీ టీలు కాస్తూ, చెవులతోనే నేర్చుకుంది. రాజు, రాణి, పడవవాడు, అందరి మాటలూ ఆమె కడుపులోనే ఉండేవి. చప్పట్లు మాత్రం తెర అవతల. "దీనికి పనేముంది? కూర్చుని గొణగడమేగా" అని అతను నలుగురిలో నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

ఏరు పొంగి ఇళ్ళన్నీ మునిగాక అరవై మంది ఈ గదిలో చేరారు. కిటికీల కిందే నీళ్ళు. వాటి మీద ఎండ పడి, పైకప్పు నిండా వెలుగు అలలు అలలుగా కదిలేది. పడుకుని చూస్తే తామే ఏటి అడుగున ఉన్నట్టుండేది. పొద్దున బిందెడు నీళ్ళ దగ్గర ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. నెలలు నిండిన దర్జీ కోడలయితే మూడు రోజులుగా గోడవైపు తిరిగి పడుకుంది. ముద్ద ముట్టడం లేదు.

"ఒక నాటకం వెయ్యండి. ఆ పిల్ల మనసు కాస్త మళ్ళుతుంది" అంది ఆమె భర్తతో.

"తెర లేదు, కిరీటం లేదు. కూటికి కటకటలాడుతుంటే నాటకమా? నీ మెదడు మోకాల్లో ఉందే!"

ఆమె దుంపల గిన్నె పట్టుకుని దర్జీ కోడలి పక్కకి చేరింది. పడవవాడి మాట ఎత్తుకుంది.

"ఏమోయ్ గాలీ, ఎటు పోతున్నావు? నా పడవ ఖాళీ, నువ్వయినా ఎక్కు."

వచ్చింది గుసగుసే. పైగా పాత అలవాటుకొద్దీ మాట చెప్పి ఆగిపోయింది, ఎవరో అందుకుని పలుకుతారన్నట్టు. ఆ ఖాళీలోకి, గోడవైపు నుంచే, సన్నగా ఒక గొంతు వచ్చింది.

"ఏమోయ్ గాలీ, ఎటు పోతున్నావు?"

ఆమె ఇంకో మాట అందించింది. ఈసారి నలుగురు పలికారు. గుసగుస వినపడాలని గదంతా నోరు మూసుకుంది. పొద్దున కొట్టుకున్నవాళ్ళలో ఒకామె రాణి మాటలు పట్టుకుంది, రెండో ఆమె చెలికత్తె అయింది. "కిరీటంతో నీళ్ళు తోడుకోవచ్చా దొరా?" అని పడవవాడు అడిగే చోట దర్జీ కోడలు లేచి కూర్చుని పకపకా నవ్వింది. నవ్వుతూనే దుంప ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది. పైకప్పు మీద వెలుగు ఊగుతోంది. గది తాడు తెంచుకుని మెల్లగా ఎటో తేలిపోతున్నట్టుంది.

రాజు వంతు వచ్చింది.

"ఆగండాగండి, అది నాది" అంటూ భర్త లేచి మధ్యలో నిలబడ్డాడు. ఛాతీ విరిచాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మామూలుగానే చెవి ఆమెవైపు తిప్పాడు.

మాట ఆమె నాలుక చివరే ఉంది. పెదవి కదపలేదు.

"ఊఁ, అందించవేం?" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"నువ్వు కూర్చోరా" అంది అత్తగారు. "దాన్ని చెప్పనీ."

ఆమె గిన్నె కింద పెట్టి లేచింది.

"నేను రాజుని. నాకు దారి ఇవ్వండి!"

తన గొంతు ఎంత పెద్దదో ఆమెకి ఆ మధ్యాహ్నమే తెలిసింది.