ముందుగా చెప్పుకున్న క్షమాపణ

ఓరియె నడుం జనవరిలో పట్టేసింది. అప్పటిదాకా, దాదాపు రెండేళ్ళు, ఆమె రోజూ కూతురితోపాటు బడికి వెళ్ళింది. మిసోరాకు పుట్టుకతోనే కండరాల్లో బలం లేదు. చక్రాల కుర్చీలోంచి దించి మరుగుదొడ్డికి తీసుకెళ్ళడానికి ఒక మనిషి కావాలి. "చేర్చుకుంటాం, కానీ అమ్మగారు కూడా ఉండాలి" అన్నారు బడివాళ్ళు. పిల్లలందరూ కలిసి చదువుకోవాలన్న ఒప్పందం మీద దేశం ఏనాడో సంతకం పెట్టింది, చట్టమూ చేసింది. ఆ చట్టం బరువంతా చివరికి ఒక తల్లి నడుం మీద పడింది. వరండాలో చెప్పుల అరల పక్కన, కోటు విప్పకుండా కూర్చుని ఆమె చలికాలాలు గడిపింది.

లోపల మాత్రం మిసోరాదే రాజ్యం. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఒళ్ళో ట్రే పెట్టుకుని పాలడబ్బాలు పంచడం ఆమె పని. "మిసోరా, నీ బండికి పెట్రోలు అయిపోయిందా?" అని ఎవడో అరిచేవాడు. "నీకు పాలు లేవు పో!" అని ఆమె అంతకంటే గట్టిగా అరిచేది. ఆ అరుపుల కోసమైనా ఓరియె ఆ చలిని ఓర్చుకునేది.

నడుం పట్టేశాక మిసోరా ఇంట్లోనే ఉండిపోయింది. సాయానికి ఒక మనిషిని పెట్టమని ఓరియె బడివాళ్ళను అడిగింది. మంగళవారం రండి, మాట్లాడదాం అన్నారు. మనిషిని ఇస్తే మిసోరా తన తరగతిలోనే ఉంటుంది. ఇవ్వకపోతే, బస్సులో గంట దూరాన ఉన్న వికలాంగుల బడికి వెళ్ళాలి.

సంగతి విని ఓరియె తల్లి ఫోనులోనే కోప్పడింది. "ఒట్టి చేతులతో వెళ్ళి అడుగుతావా ఏమే? ముందు ఆ తరగతి పిల్లల ఇళ్ళకి వెళ్ళు. తలో మిఠాయి డబ్బా ఇచ్చి, మా పిల్ల వల్ల మీకు ఇబ్బంది, క్షమించండి అను."

"ఎవరూ ఏమీ అనలేదమ్మా."

"అనకముందే చెప్పాలే పిచ్చిదానా! అన్నాక చెప్పేది కూడా ఒక క్షమాపణేనా?"

తల్లి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, ఆ ఊరి పద్ధతే అది. ఓరియె నడుముకు బెల్టు బిగించి, మంచులో ఇంటింటికీ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ నొప్పిని పంటి బిగువున అణచుకుని వంగింది. మిసోరా నేస్తం కనాదె వాళ్ళమ్మ, నగుమో గారు, ఆశ్చర్యపోయింది.

"ఇబ్బందా? మాకేం ఇబ్బందండీ? మా పిల్ల ఎప్పుడూ ఏమీ చెప్పలేదే!"

"అయినా మీకు ఇబ్బందే కదండీ" అంది ఓరియె, అలాగే అనాలి గనక.

నగుమో గారు డబ్బా అందుకుని ఆలోచనలో పడింది. తల వంచి ఉన్న ఓరియెకు అది కనబడలేదు.

మంగళవారం హెడ్మాస్టరు గారు హీటరు ఆమె వైపు జరిపి, తనే టీ పోశారు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే కాస్త పోట్లాడటానికైనా వీలుండేది.

"మిసోరా వాళ్ళమ్మగారూ, ఇన్నాళ్ళూ చాలా శ్రమపడ్డారు."

"లేదండీ, మీకే ఇబ్బంది..."

"అదేనండీ. మీరు ఇంటింటికీ వెళ్ళారట కదా. తర్వాత కొందరు తల్లిదండ్రులు వచ్చారు. ఫిర్యాదేం కాదు, తప్పుగా అనుకోకండి. టీచరు దృష్టంతా ఒక్క పాప మీదే ఉంటే మిగతావాళ్ళ సంగతేమిటని అడిగారు, అంతే. ఇన్నాళ్ళూ వాళ్ళకా సంగతి తోచనే లేదట. వాళ్ళమ్మే ఇబ్బంది అంటుంటే నిజమే కాబోలు అన్నారు."

"అది... మర్యాదకి అన్న మాటండీ."

"మరి ఇబ్బంది లేదంటారా?" ఆయన మెత్తగానే అడిగారు.

లేదు అంటే చాలు. నా కూతురు చదువుకోవడం ఎవరికీ ఇబ్బంది కాదు, అది దాని హక్కు అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఎవరి ముఖం మీదా అనని మాట అది.

"ఉందండీ. క్షమించండి" అంది ఓరియె.

ఆ తర్వాత ఆయన చెప్పినదంతా పాప మంచి కోసమే. ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలైనప్పటినుంచి కొత్త బడి, అప్పటిదాకా ఇంట్లో విశ్రాంతి. ఓరియె లేచి, ఇంతగా ఆలోచించినందుకు కృతజ్ఞతలు చెప్పుకుని మరీ వచ్చింది. దారిపొడుగునా తనను తాను తిట్టుకుంది. తిట్టుకుని ఏం లాభం?

తీసుకున్నదానికి బదులివ్వని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. ఆ వారమంతా తలుపు గంట మోగుతూనే ఉంది. చెక్కలు, కేకులు, టీ పొట్లాలు, అన్నీ చక్కగా కాగితం చుట్టినవే. నగుమో గారు ఓరియె కళ్ళలోకి చూడకుండా, "ఒంట్లో జాగ్రత్తండీ. కొత్త బడి చాలా మంచిదటండీ" అని గబగబా వెళ్ళిపోయింది.

మిసోరా డబ్బాలన్నీ తన చుట్టూ పెట్టించుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, ఇవన్నీ మా క్లాసువాళ్ళవేనా? నేనంటే ఇంత ఇష్టమా వీళ్ళకి! నీ నడుం నొప్పి తగ్గగానే వెళ్ళి అందరికీ థాంక్స్ చెప్పాలి."

ఎన్నాళ్ళని దాస్తుంది?

"నువ్వింక ఆ బడికి వెళ్ళవు మిసోరా."

పిల్ల ఒక డబ్బాను ఒళ్ళోకి లాక్కుంది.

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదమ్మా. ఏమీ చెయ్యలేదు."

మిసోరా నమ్మలేదు. ఒళ్ళోని డబ్బాను మెల్లగా పక్కకి నెట్టి, "నేను వెళ్ళి సారీ చెబితే మళ్ళీ రానిస్తారా?" అని అడిగింది.