పన్నెండు సూదులంత సేపు

"ఒక్క కుట్టే కదా వదినా!" అని ఆడపడుచు అన్నప్పుడల్లా ఆ ఒక్క కుట్టు సంచీ నిండుగా వచ్చేది. ఈసారి రెండు సంచులొచ్చాయి. ఆరు కిటికీల కర్టెన్లు. "ఆదివారం సాయంత్రం మా ఆఫీసువాళ్ళు ఇంటికొస్తున్నారు. నువ్వు పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నానికి అవగొట్టేస్తావు. నీది చెయ్యి కాదమ్మా, మిషను!" అంటూ గుమ్మంలోనే పడేసి, లిఫ్టు వెళ్ళిపోతోందని పరుగెత్తింది. ఈమె వెనక నుంచి "సరే" అంది. వినడానికి అక్కడెవరూ లేరు. అయినా అంది.

అదీ ఆమె జబ్బు. ఎదుటివాళ్ళు అడగడం పూర్తికాకముందే నోట్లోంచి "సరే" జారిపోతుంది. మంచితనం అనుకునేరు, కాదు, భయం. కాదంటే ఏమవుతుందో ఆమెకి సినిమాలా కనిపిస్తుంది. కర్టెన్లు కుట్టనంటే ఆడపడుచుకి కోపమొస్తుంది, కోపానికి బీపీ లేస్తుంది, బీపీకి మెట్ల మీద కళ్ళు తిరుగుతాయి, ఆస్పత్రి మంచం చుట్టూ బంధువులంతా చేరి "ఆరు కర్టెన్లమ్మా... ఆరే ఆరు..." అని ముక్కులు చీదుతుంటారు. ఇంత జరగనిచ్చే కన్నా కుట్టేయడం నయం కదా! "అమ్మా, నీ బుర్రలో అంబులెన్సు ఎప్పుడూ స్టార్ట్ చేసే ఉంటుంది" అంటుంది కూతురు. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఆమె తల్లి చెప్పేది. నిజానికి తను మెత్తనిది కాదు, ఉత్త పిరికిది. మొత్తేవాళ్ళకి ఆ తేడా ఎందుకు?

మర్నాడు టైలరింగ్ షాపులో మేడం పిలిచింది. పదకొండేళ్ళుగా అక్కడ ఆమె పని ప్యాంట్ల అంచులు మడవడం, ఊడిన బొత్తాలు కుట్టడం. గుడ్డ కత్తిరించే పెద్ద బల్ల దగ్గరికి ఎవరూ రానిచ్చింది లేదు. "కటింగ్ మాస్టర్ మానేస్తున్నాడు. ఆదివారం షాపు సెలవు. వచ్చి ఒక కోటు కత్తిరించి చూపించు. కుదిరితే ఆ బల్ల నీది. రాలేదనుకో, సోమవారం వేరే మనిషొస్తాడు."

గుండె ఎగిరి గంతేసింది. నోరు "సరే" అంది. ఇంటికి సగం దారి వచ్చాకగానీ తట్టలేదు, ఒకే ఆదివారాన్ని ఇద్దరికిచ్చేశానని.

బుధవారం కూతురి స్కూలు స్కర్టు పొట్టయిందని అంచు దింపడానికి కూర్చుంది. పిల్లని స్టూలెక్కించి, పన్నెండు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, మోకాళ్ళ మీద చుట్టూ తిరుగుతోంది. (సూది మింగేస్తానేమోనన్న భయం కూడా ఉంది ఆమెకి. అందుకే ఎప్పుడూ లెక్కపెట్టి పెట్టుకుంటుంది.) అప్పుడొచ్చాడు భర్త, భుజాన చొక్కాలేసుకుని. "కాస్త ఇవి ఇస్త్రీ చేసిపెట్టేయ్. ఐదే."

"సరే" తోసుకొచ్చింది. నోరు తెరిస్తే సూదులు రాలతాయి. పెదాలు బిగించింది.

ఆయన నిలబడ్డాడు. ఆమె ఒక సూది తీసి గుచ్చింది. ఈయనే చేసుకుంటే చెయ్యి కాల్చుకుంటాడు. రెండో సూది. ఇస్త్రీపెట్టె వైరు అంటుకుంటుంది. మూడు, నాలుగు. బిల్డింగంతా తగలబడిపోతుంది, పేపర్లో ఫొటో పడుతుంది, అందులో తను తల కూడా దువ్వుకోకుండా... ఏడో సూదికి మంటలు కొంచెం తగ్గాయి. పదో సూదికి పొగ మిగిలింది. "సర్లే, పనిలో ఉన్నట్టున్నావు, నేనే చేసుకుంటా" అని ఆయన వెళ్ళిపోయాడు. పన్నెండో సూదికి నిప్పూ లేదు, పొగా లేదు. అవతలి గదిలో మహానుభావుడు ఈలేసుకుంటూ ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"అమ్మా! నువ్వు సరే అనలేదు!"

"నోట్లో సూదులున్నాయే."

"అయితే రోజూ పెట్టుకో."

అలా తెలిసింది ఆమెకి, తన భయం ఆయుష్షు పన్నెండు సూదులంత సేపని. నువ్వుగింజ నానని నోట్లో ఆ రోజు నుంచి గుండుసూదులు నానడం మొదలెట్టాయి. ఊరెళ్తూ కుక్కని అప్పజెప్పబోయిన ఎదురింటావిడ ఆ సూదులు చూసి, కుక్కని తీసుకునే వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రం ఫోను మోగింది. "అయిపోయాయా వదినా కర్టెన్లు?"

సూదులు నోట్లోనే ఉన్నాయి. కానీ ఫోనుకి సూదులు కనపడవుగా!

"హలో? లైన్లో ఉన్నావా? సరేలే, మొదలెట్టకపోతే రేపు పొద్దున్నే మొదలెట్టు. నువ్వు ఊఁ అన్నావనే అనుకుంటున్నా."

ఇదెక్కడి న్యాయం! నోరు మూసుకున్నా ఊఁ అన్నట్టేనా? ఆమె నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. బుర్రలో అంబులెన్సు బయల్దేరింది, మెట్లూ, తెల్లదుప్పటీ, ముక్కులు చీదే బంధువులూ అన్నీ వరసగా వచ్చాయి. రానిచ్చింది. పన్నెండోది గుచ్చేసరికి సైరను వీధి మలుపు తిరిగిపోయింది.

"రేపు నాకు కుదరదమ్మా."

"ఏంటీ?"

"రేపు షాపులో కోటు కత్తిరించాలి."

"ఎవరిదా కోటు? నా కర్టెన్లకంటే ఎక్కువా?"

"నాది" అంది. కోటు ఎవరిదో నిజానికి ఆమెకీ తెలీదు.

"మరి నా కిటికీలు?"

"వచ్చి సంచులు పట్టుకెళ్ళి, గుండుసూదులతో మడిచి పెట్టుకో, దూరానికి తెలీదు. ఎవర్నీ వాటికి ఆనుకోనివ్వకు మాత్రం."

ఫోను పెట్టేసి పావుగంట కిటికీ దగ్గర నిలబడింది. ఏ సైరనూ రాలేదు. అయినా ఎందుకైనా మంచిదని "బీపీ మాత్ర వేసుకో" అని మెసేజ్ పెట్టింది.

ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్ళన్నీ సుద్ద. కోటు కుదిరింది. భుజాల కోత చూసి మేడం కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టింది, అంతే. ఆ మాట పక్క ఫ్లాట్లో ఉండే అత్తగారికి చెబుదామని వెళ్తే, ముందుగదంతా క్రేయాన్లు, బిస్కెట్ల పొడి. ఆడపడుచు కూతుళ్ళిద్దరూ సోఫా మీద గెంతుతున్నారు. అత్తగారు నడుం పట్టుకుని వంటింట్లో నిలబడింది.

"పార్టీ ఉందని పొద్దుననగా వీళ్ళని నా మీద దింపి పోయింది. వచ్చే వారం కూడానట." ఆవిడ వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "అమ్మాయ్, నాకూ ఓ నాలుగియ్యి."

"ఏంటత్తయ్యా?"

"అవే. నోట్లో పెట్టుకునేవి."

ఆమె బుర్రలో అంబులెన్సు మళ్ళీ బయల్దేరింది. డెబ్బైయేళ్ళ మనిషి, పైన పళ్ళసెట్టు కూడానూ. ఒకటి... రెండు... పన్నెండు దాకా లెక్కపెట్టింది. తర్వాత కుట్టు డబ్బా తెచ్చి, వెతికి వెతికి ఎవరూ మింగలేనంత పెద్ద కోటు బొత్తాం తీసి అత్తగారి అరచేతిలో పెట్టింది.

"సూదులొద్దు అత్తయ్యా. దీంతో మొదలెట్టండి."