అట్ట మీది అక్షరాలు

మాస్టారి కవితల పుస్తకం కొన్నవాళ్ళంతా అట్ట చూసి కొన్నవాళ్ళేనని పక్కింటావిడ అందిట. ఆ మాటని మెట్ల దగ్గర పట్టుకుని, ఉప్పూ కారం తగ్గకుండా మోసుకొచ్చి, గడ్డం గీసుకుంటున్న మాస్టారి చెవిలో వేసింది భార్య.

"ఆవిడ నోటికేం గానీ, అట్ట రాసిన మీ అన్నయ్యగారి చెయ్యి మాత్రం చెయ్యేనండీ!"

చుబుకం కింద బ్లేడు సన్నగా కోసింది. ఆయన దూది అద్దుకున్నాడు. బడిలో ఆయనకి ఇవాళే ఆఖరి రోజు.

మాస్టారి తండ్రి షాపులకి బోర్డులు రాసేవాడు. టర్పెంటైను వాసనలోనే కొడుకులిద్దరూ పెరిగారు. పెద్దవాడి చెయ్యి నిలకడగా ఉందని మూడో తరగతిలోనే బడి మాన్పించి కుంచె ఇచ్చాడు తండ్రి. చిన్నవాడి గీత వంకరపోతుంది కాబట్టి చదువుకోనిచ్చాడు. ఒకసారి మంగలిషాపు గోడ మీద కాస్త ఖాళీ మిగిలితే, ఏవైనా నాలుగు ముక్కలు చెప్పరా అని చిన్నవాణ్ణి అడిగాడు. వాడు అద్దం మీదా ముఖం మీదా ఏకంగా కవితే కట్టేశాడు. తండ్రి జానతో గోడ కొలిచి, "పొడుగైంది. గోడ చాలదు," అన్నాడు. ఆ ఖాళీలో పెద్దవాడు గీసిన కత్తెర చూసి మాత్రం వాడి భుజం తట్టాడు.

ఆ తట్టుడు చిన్నవాడి భుజం మీద ఇప్పటికీ బాకీయే.

పోయినేడు పుస్తకం వేస్తూ, అట్ట మీద పేరు రాసిపెట్టమని తండ్రి దగ్గరికే వెళ్ళాడు మాస్టారు. చూపు ఆనని తండ్రి ఆ పని పెద్దకొడుక్కి అప్పజెప్పాడు. సభలో మాట్లాడినవాళ్ళు పుస్తకం తెరవకుండా అట్టనే మెచ్చుకున్నారు. బళ్ళో పిల్లలు ఆ అక్షరాల మీద వేలు పెట్టి దిద్దుకున్నారు. అంతే, మాస్టారు మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. తండ్రి మంచం పట్టాడని కబురొస్తే పరీక్ష పేపర్లు దిద్దాలన్నాడు. చివరికి శవాన్ని చూడ్డానికే వెళ్ళాడు.

సాయంత్రం వీడ్కోలు సభలో కుర్చీ వెనక గుడ్డ బ్యానరు. అన్న రాసి, తనే తెచ్చి కట్టాడు.

"ఈ రాత ఎవరిదండీ మాస్టారూ? అచ్చేమో అనుకున్నా!" అన్నాడు హెడ్మాస్టరు.

"మా అన్నయ్యది," అన్నాడు మాస్టారు, మందు మింగినట్టు.

ఈ రోజు కోసమని రాసుకున్న కవిత చదువుతుంటే అందరి చూపులూ తన తల మీదుగా వెనక్కి పోతున్నట్టే అనిపించింది. సగంలో కాగితం మడిచేశాడు. ఎందుకాపారని ఎవరూ అడగలేదు.

జనం వెళ్ళాక అన్న స్టూలెక్కి బ్యానరు తాళ్ళు విప్పుతున్నాడు. హెడ్మాస్టరు తాళంచెవులతో గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్న నా పుస్తకం దిండు కింద పెట్టుకున్నాడటగా," అన్నాడు మాస్టారు. "నీ అట్ట తడుముకోడానికేనా?"

అన్న ముడి విప్పడం ఆపలేదు.

"చదివి వినిపించమనేవాడ్రా. నేను కూడబలుక్కుని చదివితే, షాపు బోర్డు చదివినట్టుందన్నాడు. వాడొచ్చాక వాడి నోటనే వింటాలే అన్నాడు. నువ్వు రాలేదు."