మాట అందించే ఎంజైము

బోనాల పండుగ. ఆదివారం పొద్దున ఆండాలు అమ్మవారికి ఎత్తే బోనం కుండకు పసుపు పూస్తోంది. మొఘల్‌పురా గల్లీలో అప్పటికే డప్పులు మొదలైనాయి. వసారాలోంచి భర్త విశ్వేశ్వర్ గొంతు వినబడింది. "అమ్మా, చాయ్ ఇయ్యమను." పక్కనే కూర్చున్న అత్త కృష్ణమ్మ మెడ తిప్పి, "చాయ్ ఇయ్యమంటుండు" అంది. ఆ ఇంట్లో అంతే. పెద్దల ముందర పెండ్లాంతో మాట్లాడకూడదని పెళ్లయిన కొత్తలో పెట్టుకున్న మర్యాద, ఏళ్లు గడిచేసరికి గట్టిపడిపోయింది. కూరలో ఉప్పు ఎక్కువైందన్నా, జీతం తెచ్చి అక్కడ పెట్టమన్నా, అన్నీ అత్త నోటి మీదుగానే వచ్చేవి. చీకట్లోనైతే ఆ మాటలు కూడా ఉండేవి కావు.

ఆండాలు పనిచేసే పరిశోధనశాల మూసీకి అవతల. అక్కడ కంటికి కనబడని మలేరియా పురుగును గాజు గిన్నెల్లో, మనిషి నెత్తురులో పెంచుతారు. రోజూ పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. పండగని చెబితే పురుగు వినదు. ఆదివారాల పని ఎప్పుడూ ఆండాలుదే, దానికి జీతమూ లేదు. తోటి ఉద్యోగి కొండల్, "తిండి పెట్టుడు నీకు అలవాటే గద ఆండాలమ్మా" అని నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

అక్కడ పరిశోధన నడిపే డాక్టర్ లక్ష్మీకాంతమ్మ ఒకనాడు ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి చూపించింది. ఎర్రకణంలో దాక్కున్న పురుగు పిల్లలు పెట్టి, కణాన్ని బద్దలుకొట్టుకుని బయటపడుతుంది. బయటికి రమ్మనే కబురును లోపల ఒకదాని నుంచి ఒకదానికి అందించే ఎంజైములు ఉన్నాయట. వాటిని ఆపే మందు నిన్న ఆండాలే తన చేత్తో వేసింది. కబురు ఆగితే పురుగు లోపలే ఆగిపోతుందా? ఈరోజే చూడాలి. ఈరోజు ద్రవం మార్చకుంటే రేపటికి అన్నీ చస్తాయి, మందు చంపిందో ఆకలి చంపిందో ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్లలో తన కళ్లతో తాను తేల్చుకోవాలనుకున్నది ఇదొక్కటే.

వంట ముగించి, బోనం ఎత్తే వేళకు వచ్చేస్తానని అత్తకు చెప్పి, చీర మార్చుకుంది.

"అమ్మా, ఇయ్యాల గడప దాటొద్దని చెప్పు. పండుగ పూట పురుగులకు బువ్వ పెట్టనీకి పోతదా? పోతే ఆ నౌకరీ బంద్" అన్నాడు విశ్వేశ్వర్, పేపరు మీంచి తల ఎత్తకుండా.

కృష్ణమ్మ కోడలి వైపు తిరిగింది. "పోవద్దంటుండు." ఆ గొంతులో కోపం లేదు, ఇష్టం లేదు. ఈమెకూ ఒక మాట ఉండే ఉంటుంది, దాన్ని ఎవరూ ఎక్కడికీ మోయలేదు అనిపించింది ఆండాలుకు.

"ఆయన నాతోని ఏమనలే గద అత్తమ్మా. నాకు ఏ మాటా అందలే."

కృష్ణమ్మ నోరు తెరిచింది. కొడుకును చూసింది. మళ్లీ చెప్పలేదు.

ఆండాలు చెప్పులు వేసుకుని నడిచింది. గల్లీ మలుపు తిరుగుతుంటే డప్పుల నడుమ నుంచి వినబడింది. "ఆండాలూ."

కాళ్లు ఆగాయి. పెళ్లినాటి నుంచి ఆ గొంతులో తన పేరు వినాలని ఎంత ఎదురుచూసింది. తీరా వింటే అది గల్లీలో ఎవరో ఎవరినో పిలిచినట్టే ఉంది.

బస్సు వచ్చింది. ఎక్కింది.