హద్దురాయి మీద కూర్చున్నవాళ్ళు

రోస్‌విటా రోజూ పొద్దున ఆరింటికి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, వాలు ఎక్కి, ఊటబావి పక్కనున్న హద్దురాయి మీద కూర్చునేది. ఓ గంట కూర్చుంటే చాలు, రాత్రి బెత్తెడు పైకి లేచిన రాయి మెల్లగా భూమిలోకి దిగేది. నాచు గీత మట్టికి ఆనిందో లేదో చేత్తో తడిమి చూసుకుని, కోళ్ళకు గింజలు వెయ్యడానికి ఇంటికెళ్ళేది. దారిలో ఎదురైనవాళ్ళు పాపం, తండ్రి మీద బెంగ ఇంకా తీరలేదనుకునేవారు. ఆమె తండ్రి లియోన్‌హార్ట్ కూడా పోయినేడు ఆకులు రాలే రోజుల్లో చనిపోయేదాకా ఆ రాయి మీదే కూర్చునేవాడు. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకి ఊరి సభవాళ్ళు తీర్మానం చేసి మరీ రాయి పక్కన ఓ చక్కటి చెక్కబల్ల వేయించారు. ఆయన ఒక్కరోజూ దాని మీద కూర్చున్న పాపాన పోలేదు. వీపు ఆన్చుకునే బల్లను వదిలి రాతి మీద కూర్చునే ముసలాయన్ని చూసి హాసెల్‌రీట్ ఊరంతా నవ్వుకుంది.

హాసెల్‌రీట్‌లో రాళ్ళు లేవడం కొత్తేం కాదు. ఒకప్పుడు వాగుకి ఇవతలి సగం బిషప్‌ది, అవతలి సగం దొరది. ఇద్దరి మనుషులూ గట్ల కోసం తలలు పగలగొట్టుకుంటుంటే, హద్దురాళ్ళు పాతే పని ప్రమాణం చేసిన ఏడుగురికి అప్పగించారు. ఒకరు పోతే మరొకరు వస్తూ ఆ ఏడుగురూ ఇప్పటికీ ఉన్నారు. ఒకసారి కోటుకు బిళ్ళ గుచ్చితే చచ్చేదాకా ఆ పదవి వాళ్ళదే. సరైన చోట పాతిన రాయి కదలదు. తప్పు చోట పాతితే తెల్లారేసరికి పైకొస్తుంది. అప్పుడు "దీనికి ఇక్కడ నచ్చలేదు" అని గొణుక్కుంటూ ఏడుగురూ పార పట్టుకెళ్ళి, మళ్ళీ కొలిచి పాతుతారు. వానొస్తే ఆరేసిన బట్టలు తీసుకోవడం లాంటిదే ఈ పని కూడా.

డెబ్బై ఆరు నాటి కరువులో ఊళ్ళో బావులన్నీ ఎండిపోయాయి. నీళ్ళున్నది ఒట్మార్ పచ్చికలోని ఊటలోనే. నా ఆవులు తాగేదే అది, ఇవ్వనంటే ఇవ్వనన్నాడు ఒట్మార్. అప్పుడు ఏడుగురికి పెద్దగా ఉన్న లియోన్‌హార్ట్, అసలు హద్దు ఒట్మార్ వైపుకి ఆరడుగులు లోపల ఉందని, ఊట ఊరిదేనని ఒట్టేసి చెప్పి రాయిని మార్చి పాతించాడు. ఒట్మార్ కూడా ఆ ఏడుగురిలో ఒకడే. సభలో లేచి, ఇది దొంగ ఒట్టని అరిచాడు. తగువెందుకు, రాయే చెప్తుందన్నారు సభవాళ్ళు. వారం చూశారు. రాయి లేవలేదు. ఒట్మార్ కోటు మీది బిళ్ళ పీకేశారు. సారాకొట్టులో అతని బల్ల దగ్గర మళ్ళీ ఎవరూ కూర్చోలేదు. అంతకన్నా ఘోరం, చివరికి ఒట్మారే నమ్మేశాడు. రాయి అబద్ధం చెప్పదు కదా, నాకే మతి తప్పిందేమోనని చర్చిలో టోపీ తీసి ఊరిని క్షమాపణ అడిగాడు.

ఆ ఒట్టు దొంగదేనని, రాయి లేవకుండా అణచడానికే తను రోజూ దాని మీద కూర్చున్నానని తండ్రి ఆసుపత్రి మంచం మీద చెప్పేదాకా రోస్‌విటాకు తెలీదు. అమ్మ ఒక్కసారి సముద్రం చూడాలని అడిగీ అడిగీ చూడకుండానే పోయింది. నాన్న ఒక్క రాత్రి కూడా ఊరు దాటలేదు. ఊరంటే ఆయనకు ప్రాణమని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకుంది. నిజం తెలిశాక ఒళ్ళు మండిపోయింది. కానీ చచ్చిపోతున్న మనిషితో ఏం పోట్లాడుతుంది? "కాంక్రీటు పోసేదాకానే అమ్మా. ఆ తర్వాత లేవడానికి రాయే ఉండదు," అన్నాడాయన. ఆయన బిళ్ళ ఈమె కోటు మీదికి వచ్చింది, దాంతోపాటే ఈ పనీ వచ్చింది.

ఊట ఉన్న ఆ స్థలంలోనే ఫైర్ స్టేషన్ కట్టాలని సభ తీర్మానించింది. ఇవాళ తొమ్మిదింటికి ఏడుగురూ వచ్చి రాయిని చూసి, హద్దు సరిగ్గానే ఉందని సంతకాలు పెట్టాలి. మధ్యాహ్నంలోగా ఆ కాగితం జిల్లా ఆఫీసుకి చేరకపోతే స్టేషన్ పక్క ఊరికి పోతుంది. ఇవాళ ఒక్కరోజు కూర్చుంటే చాలు, పీడ విరగడౌతుందనుకుంటూ రోస్‌విటా పొగమంచులో వాలు ఎక్కింది.

రాయి మీద అప్పటికే ఎవరో కూర్చుని ఉన్నారు.

"రా అమ్మాయ్. ఇవాళ ఆలస్యం చేశావే," అన్నాడు ఒట్మార్.

ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. బూట్ల మడమలు నేలకు ఆనడం లేదు.

"లే బాబాయ్. చలిగా ఉంది."

"రోజూ కూర్చునేదానివి, నీకు లేని చలి నాకేంటి? ఫిబ్రవరిలో నీకు జ్వరమొచ్చి నాలుగు రోజులు రాలేదు గుర్తుందా? మంచుకి ఎవరూ ఇటు రాలేదు. నేనొచ్చాను. రాయి మోకాలిదాకా లేచి నిలబడింది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అబద్ధాలకోరు ఒట్మార్ చెప్తే ఎవడు నమ్ముతాడే?" అరచేత్తో రాయి మీది నాచు తడిమాడు. "ఆ రోజు దీన్ని పట్టుకుని ఏడ్చాను. నాకు మతి తప్పలేదురా దేవుడా అని. నలభై ఎనిమిదేళ్ళు నన్ను నేనే నమ్మలేదు."

రోస్‌విటాకు సిగ్గుతో తల ఎత్తడం చేతకాలేదు. "మరి ఇప్పుడెందుకు కూర్చున్నావు?" అంది.

"పోయినేడు నా కొట్టం కాలినప్పుడు పట్నం నుంచి ఫైరింజన్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ ఆవుల అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఇక్కడ స్టేషన్ పడాల్సిందే. నా పేరంటావా, చెడి ఎన్నాళ్ళైంది! అలవాటైపోయింది." కొంచెం పక్కకి జరిగి రాయి మీద చోటిచ్చాడు. "కానీ నా ఒక్కడి బరువు చాలట్లేదు. అయిదింటి నుంచి కూర్చున్నా దిగదే! పైగా నన్నే ఎత్తుతోంది. నువ్వూ కూర్చో. ఇద్దరమైతే దిగుతుంది."

కింద చర్చి గంట ఏడు కొట్టింది. ఇప్పుడు కూర్చుంటే ఎనిమిదికల్లా దిగిపోతుంది. స్టేషన్ వస్తుంది, నాన్న పేరు నిలబడుతుంది, తన పరువూ దక్కుతుంది. రోస్‌విటా ఒక అడుగు ముందుకు వేసింది కూడా. ఆయన ఇచ్చిన చోటు చూసింది, జానెడుంటుంది. ఊరు ఎవరి దగ్గర అన్నీ లాక్కుందో ఆ మనిషే ఇంకా చోటిస్తున్నాడు.

"కూర్చోను."

"పిచ్చిదానా, మీ నాన్న పేరు..."

"మా నాన్న పేరు ఆయనే చూసుకున్నాడు."

"ఊరు తగలబడితే ఎవరికి చెప్పుకుంటావే?" కర్రతో నేల పొడిచాడు, తర్వాత బతిమాలాడు, చివరికి ఆమె కోటు చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె కదల్లేదు. "అచ్చం మీ నాన్న మొండితనమే!" అని తిట్టిపోశాడు. ఎనిమిదైంది. రాయి కింద మట్టి సన్నగా పగులుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది. దిగి పారిపోదామా అంటే ఆయన మోకాళ్ళకు అంత ఎత్తు నుంచి దిగే శక్తి లేదు. ఆమె చెయ్యి అందించింది. "ఛీ పో," అని విదిలించాడు.

తొమ్మిదికి పొగమంచులోంచి మిగతా ఆరుగురూ వచ్చారు. ముందు పార పట్టుకుని బుర్‌ఖార్ట్, ఇప్పటి పెద్ద. ఆనాడు ఏడుగురిలో అందరికన్నా చిన్నవాడు, ఒట్మార్ కోటు మీది బిళ్ళ పీకింది ఈయన చేతులే. నేలకు మూరెడు ఎత్తున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఒట్మార్‌ని చూసి టోపీ తీసేశాడు. రాయి ఎందుకు లేచిందని ఎవరూ అడగలేదు.

"ఇన్నేళ్ళూ దీన్నెవరు అణిచి ఉంచారు?" అన్నాడు మెల్లగా.

"మా నాన్న," అంది రోస్‌విటా. "ఆయన తర్వాత నేను."

బుర్‌ఖార్ట్ పక్కనున్న చెక్కబల్ల వంక చాలాసేపు చూశాడు.

"ఇంకేముంది, కొత్త కాగితాలు మధ్యాహ్నానికి ఎలాగూ కావు, ఫైర్ స్టేషన్ పక్క ఊరికి పోయినట్టే," అన్నారు వెనక నుంచి ఎవరో.

"పొద్దుట్నుంచీ చెప్తూనే ఉన్నా ఈ పిల్లకి, వింటేనా!" అన్నాడు ఒట్మార్ ఉక్రోషంగా. అందరూ కలిసి ఆయన్ని ఎత్తి దింపారు.

రాయిని పెళ్ళగించారు. అసలు చోటెక్కడో ఒట్మార్ కర్రతో చూపించాడు. గొయ్యి తవ్వి, బుర్‌ఖార్ట్ సంచీలోంచి హద్దుకి రహస్య గుర్తుగా పెట్టే కాల్చిన మట్టిబిళ్ళలు తీశాడు. రాయి కింద వాటిని ఏ వరసలో పేర్చాలో ఏడుగురికి తప్ప కట్టుకున్న పెళ్ళానికి కూడా తెలియకూడదు. ఆ పని జరిగేటప్పుడు బయటివాళ్ళు పదడుగులు దూరం వెళ్ళి వీపు తిప్పి నిలబడాలి. ఒట్మార్ ఎవరూ చెప్పకుండానే పదడుగులు నడిచి, కర్ర ఆనించుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

రోస్‌విటా అది చూసి ఉండలేకపోయింది. తన కోటు మీది బిళ్ళ తీసి, వెళ్ళి ఆయన కోటుకు గుచ్చింది.

"వెళ్ళు బాబాయ్. అక్కడ ఆరుగురే ఉన్నారు."

ఒట్మార్ బిళ్ళని చూసుకున్నాడు, బుర్‌ఖార్ట్‌ని చూశాడు. బుర్‌ఖార్ట్ తలెత్తలేదు గానీ, గొయ్యి అంచున మోకాళ్ళ మీద జరిగి చోటు చేశాడు. ఒట్మార్ వెళ్ళాడు.

ఆయన నిలబడ్డ చోటే రోస్‌విటా వాళ్ళకు వీపు పెట్టి నిలబడింది. పొగమంచు విడిపోతోంది, కింద ఇళ్ళ కప్పులు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. వెనకాల మట్టిబిళ్ళలు ఒకదానికొకటి తగులుతున్నాయి. అంతలో చప్పుడు ఆగింది.

"అలా కాదు బుర్‌ఖార్ట్," అంటున్నాడు ఒట్మార్. "అది ఎడమపక్కకి."

మట్టిబిళ్ళల చప్పుడు మళ్ళీ మొదలైంది.