నూట నలభై ఒక్క పాయింట్లు

నేను ఒక పాత మానిటర్ని. ఎక్కడ పుట్టానో నా వెనకాల అంటించిన కాగితం మీద ఉండేది, అది ఎప్పుడో ఊడిపోయింది. మొదట ఓ బస్టాండులో విచారణ కౌంటరు పక్కన నాలుగేళ్లు పనిచేశాను. జనం నాలో బస్సు టైము శ్రద్ధగా చదివి, మళ్లీ కౌంటర్లోని మనిషిని అడిగి రూఢి చేసుకునేవాళ్లు. మనుషులకు మనుషులు చెబితేనే నమ్మకం. తర్వాత నా కుడి అంచున నల్లటి చార పడింది. చేతులు మారి మారి, శ్రీకాకుళం వైపు ఒక ఆడపిల్లల పాలిటెక్నిక్ ల్యాబులో విరిగిన కుర్చీల మధ్యకు చేరాను.

నన్ను బయటికి తీసి దుమ్ము దులిపింది కెజియా. నిరుటి దాకా కాలేజీ కబడ్డీ జట్టులో కూతకు వెళ్లే పిల్ల. మోకాలు దెబ్బతిని ఆట మానేసింది. ఆడలేకపోయినా జట్టుతో ఉండాలని ఆ పిల్ల ఆరాటం. అందుకే నన్ను స్కోరు బోర్డు చేస్తానని వ్యాయామ మాస్టారు అప్పలనర్సయ్య గారి వెంటపడింది. ఆయన సుద్దముక్కతో నల్లపలక మీద రాసే మనిషి.

"ఒక్క మ్యాచికి సూద్దాం. తప్పిందంటే మళ్లీ నా పలకే," అన్నారు.

కెజియా అప్పుడప్పుడే జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటోంది. జావాలో లెక్కలు అంకెలతోనే, కానీ నా తెర మీది గడిలోకి వెళ్లేది అక్షరాల వరుస మాత్రమే. దాన్ని స్ట్రింగ్ అంటారు. పాయింట్లను తిన్నగా పంపితే జావా ససేమిరా అంది. పిల్ల పుస్తకం తిరగేసి 'స్ట్రింగ్ డాట్ వాల్యూఆఫ్' అనే మాట పట్టుకుంది. అంకెను దాని బ్రాకెట్లలో పెడితే చాలు, స్ట్రింగై బయటికొస్తుంది. నా మీద 7 కనబడగానే కెజియా ఎగిరి గంతేయబోయి, మోకాలు గుర్తొచ్చి ఆగింది.

విరామం తర్వాత మొదటి సగం, రెండో సగం పాయింట్ల మొత్తం చూపాలి. పిల్ల రెండింటినీ విడివిడిగా స్ట్రింగులు చేసి, మధ్యలో కూడిక గుర్తు పెట్టింది. సరిచూసేటప్పుడు మొదటి సగాన్ని సున్నాగా, రెండోదాన్ని ఐదుగా ఉంచింది. 05 అని వచ్చింది. "టీవీలో లాగే ఉంది కదే!" అని స్నేహితురాలికి చూపించి మురిసిపోయింది. నాకు అనుమానమొచ్చింది గానీ, చెప్పడానికి నాకు నోరేదీ?

మ్యాచి రోజు మొదటి సగం పద్నాలుగు పాయింట్లతో సాఫీగా గడిచింది. విరామం తర్వాత మా పిల్లలు తొలి పాయింటు తెచ్చారు. నా మీద 141 అని పడింది. మైదానమంతా ఈలలు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏటమ్మా ఇది? కబడ్డీ ఆడతన్నామా, క్రికెట్టు ఆడతన్నామా?" మాస్టారు పలక చేతికి తీసుకున్నారు.

"ఒక్క నిమిషం సార్! జావా పద్నాలుగునీ ఒకటినీ కూడకుండా పక్కపక్కన అతికించేసింది. తప్పు నాదే సార్."

జట్టు కెప్టెన్ వరాలు ఇటు చూసి టైమౌట్ అడిగింది. ముప్పై సెకన్లు. కెజియా కీబోర్డు ముందుకు లాక్కుంది. స్ట్రింగులయ్యాక కూడిక గుర్తు వాటిని అతికిస్తుందే గానీ కూడదు. ముందు కూడాలి, వచ్చిన మొత్తాన్ని స్ట్రింగు చెయ్యాలి. రెండు సగాలనూ ఒకే బ్రాకెట్లో పెట్టింది. ప్రోగ్రాం మళ్లీ మొదలెట్టేసరికి పాయింట్లన్నీ సున్నా! ఈసారి మాస్టారే స్కోరు రాసిన కాగితం చూసి అంకెలు అందించారు.

"మొదటిది పద్నాలుగు. రెండోది ఒకటి. కొట్టమ్మా, కొట్టు!"

15.

మ్యాచి రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. స్కోరు మాత్రం ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. సాయంత్రం మాస్టారు పలక తుడిచి, వచ్చే మ్యాచికి జట్టు పేర్లు రాశారు. పన్నెండు పేర్ల కింద పదమూడోది: కెజియా, స్కోరర్. ఆ పలకను నాకే ఆనించి, నా స్విచ్చి ఆపేసి వెళ్లారు. నా తెర నల్లబడిపోయింది. సుద్దతో రాసిన ఆ పేరు మాత్రం కనిపిస్తూనే ఉంది. కెజియా ఎంతసేపటికీ అక్కణ్నుంచి కదల్లేదు.